చిన్నపిల్లలతో రెండు రోజుల కారు ప్రయాణం: మా ఇంట్లో ఎలా చేస్తామంటే

మా పెద్దదానికి ఐదేళ్లు, చిన్నాడికి ఇంకా రెండు నిండలేదు. వీలైనప్పుడల్లా శని, ఆదివారాల్లో కారేసుకుని ఎటో ఒకవైపు వెళ్లొస్తాం. మొదట్లో వెళ్లాల్సిన చోటు ముందు అనుకుని, దూరం తర్వాత చూసుకునేవాళ్లం. దాంతో రెండు రోజులూ కార్లోనే గడిచిపోయేవి. ఇప్పుడు పిల్లలు ఎంతసేపు కూర్చోగలరో ముందు చూసుకుని, ఆ దూరంలో ఏముందో వెతుక్కుంటున్నాం.

మ్యాప్ రెండు గంటలంటే మా లెక్కలో అది మూడు గంటలు. మ్యాప్‌లోనే రెండున్నర గంటలు దాటితే ఆ చోటుని మూడు రోజుల సెలవు దొరికేదాకా పక్కన పెట్టేస్తాం. మనసు ఒప్పకపోయినా సరే.

ఇక పిల్లల సీటు సంగతి, అంటే కారు సీటు మీద బెల్టుతో బిగించే పిల్లల ప్రత్యేక సీటు. ఇందులో మాత్రం నేను ఎవరి మాటా వినను. ఒళ్లో గట్టిగా పట్టుకుంటాలే అనే వాళ్లు ఎంత ప్రేమతో అన్నా సరే, ఆగదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో కారు దేన్నైనా గుద్దుకుంటే పది కిలోల పిల్లాడు ఆ క్షణంలో రెండు మూడు వందల కిలోల బరువై చేతుల్లోంచి జారిపోతాడు. మా చిన్నాడి సీటు ఇప్పటికీ వెనక్కి తిరిగే ఉంటుంది. ఆ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువు, మెడ ఎముకలు ఇంకా గట్టిపడవు. వెనక్కి తిరిగి కూర్చుంటే దెబ్బ మెడ మీద పడకుండా వీపంతా పంచుకుంటుంది. సీటు మీద రాసిన బరువు, ఎత్తు దాటేదాకా అలాగే ఉంచుతాం. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న డ్రైవర్ పక్క సీట్లో మాత్రం ఇలాంటి సీటు ఎప్పుడూ పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే నేరుగా సీటు వీపుని, దాని వెనకున్న పిల్లాడి తలని కొడుతుంది.

బయల్దేరే ముందు రెండు పనులు తప్పకుండా చేస్తాను. బెల్టు దూరే చోట సీటుని పట్టుకుని అటూ ఇటూ ఊపి చూస్తాను. రెండున్నర సెంటీమీటర్ల కన్నా ఎక్కువ కదిలితే మళ్లీ బిగించాల్సిందే. తర్వాత పిల్లాడి పట్టీలు బిగించి, కాలర్ ఎముక దగ్గర పట్టీని బొటనవేలితో, చూపుడువేలితో గిల్లినట్టు పట్టుకుంటాను. మడత వేళ్ల మధ్యకి వచ్చిందంటే వదులుగా ఉన్నట్టు. వేళ్లు జారిపోతే సరిపోయినట్టు. చలిగా ఉందని మందపాటి జాకెట్ వేసి పట్టీ కడితే ఈ పరీక్ష మనల్ని మోసం చేస్తుంది. గుద్దుకున్నప్పుడు ఆ దూదంతా నలిగిపోయి పట్టీ వదులైపోతుంది. జాకెట్ తీసేసి, పట్టీ బిగించి, పైన దుప్పటి కప్పడమే మంచిది.

బయల్దేరే వేళ గురించి మా ఆయనకీ నాకూ చాలాకాలం వాదన నడిచింది. పిల్లలు నిద్రలో ఉండగానే తెల్లవారుజామున ఎత్తుకెళ్లి కూర్చోబెట్టేద్దాం అనేవారు ఆయన. రెండుసార్లు అలాగే చేశాం. పిల్లలు హాయిగానే పడుకున్నారు, కానీ స్టీరింగ్ దగ్గర ఆయన కళ్లు మూతలు పడుతుంటే నేను పక్కన కూర్చుని మాట్లాడుతూనే ఉండాల్సి వచ్చింది. అర్ధరాత్రి దాటాక రెండు నుంచి ఆరు దాకా, మళ్లీ మధ్యాహ్నం భోజనమయ్యాక, ఒళ్లు నిద్రని అడిగే వేళలు. అందుకే పొద్దున్నే తినిపించి, అరగంట బయట పరిగెత్తించి, చిన్నాడి నిద్రవేళకి కాస్త ముందు కదులుతాం. వాడు పావుగంటలో పడుకుంటాడు.

రెండు గంటలకోసారి, ఎవరూ అడగకపోయినా, బండి ఆపుతాం. ఆగామంటే పిల్లలు సీట్లోంచి దిగాలి. నెలల పిల్లలైతే ఇంకా తప్పనిసరి. వాలుగా ఉన్న సీట్లో ఎక్కువసేపుంటే తల ముందుకు వాలి ఊపిరి ఆడటం కష్టమవుతుంది. రోడ్డుకి దూరంగా, నీడ ఉన్న చోటు చూసుకుంటాం. ఒకసారి చెట్టు కింద చీమల బారు కనిపిస్తే మా చిన్నాడు బోర్లా పడుకుని చూస్తూ ఉండిపోయాడు. నేను తొందర పెట్టబోతే పెద్దది, "అమ్మా, వాడిని చూడనీ" అంది. ఇరవై నిమిషాలు ఆగాం. తర్వాత గంటన్నర వాడు కిక్కురుమనలేదు.

మలుపుల రోడ్డు మీద పెద్దదానికి వాంతులవుతాయి. రెండు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల్లో ఇది మామూలే. కదులుతున్నామని చెవి లోపలి భాగం చెబుతుంది, ఒళ్లో పుస్తకం చూస్తున్న కన్ను కదలడం లేదంటుంది, ఆ గొడవకే కడుపులో తిప్పుతుంది. అందుకని మలుపులు మొదలవగానే పుస్తకాలు, తెరలు లోపలికి వెళ్లిపోవాలి. అద్దం కాస్త దించి, ముందుకి దూరంగా చూడమంటాం. ఖాళీ కడుపుతోనూ, కడుపు నిండా తినిపించీ ఎక్కించం. పిల్ల మాటలు ఆగిపోయి, మొహం పాలిపోయి, ఆవలిస్తోందంటే ఇంకో రెండు నిమిషాల్లో వచ్చేస్తుందని నాకు తెలుసు. అప్పుడు చేతికి అందాల్సినవి: గట్టి కవరు, తడి తుడుపు కాగితాలు, నీళ్లు, ఒక జత బట్టలు. ఇవి డిక్కీలో పెట్టెల అడుగున ఉంటే లేనట్టే. వాంతుల మందు మాత్రం డాక్టర్ని అడగకుండా వేయకండి.

కార్లో తినిపించడం నేను మానేశాను. వెనక్కి తిరిగున్న పిల్లాడి గొంతుకి ఏదైనా అడ్డం పడితే నడిపేవాళ్లకి కనిపించదు. ఆగినప్పుడే పెడతాను. ద్రాక్షని నిలువుగా చీల్చి ఇస్తాను, గింజలు, పప్పుల జోలికే పోను.

"ఇంకా ఎంతసేపు?" అన్న ప్రశ్నకి మా దగ్గర ఒక కాగితం ఉంది. వెళ్లే ముందు రాత్రి పొడుగ్గా ఒక గీత గీసి, దారిలో వచ్చేవి బొమ్మలు వేస్తాను: వంతెన, రైలు గేటు, చెరువు, కొండ. ఒక్కోటి దాటగానే పెద్దది రంగు పెన్సిల్‌తో కొట్టేస్తుంది. గంటలు అర్థం కాని వయసులో చెరువు దాటితే కొండ వస్తుందన్నది అర్థమవుతుంది.

ఎంత చిన్న పనికైనా పిల్లల్ని కార్లో వదిలి దిగకండి. ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా పెరుగుతుంది, పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కన్నా మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. నిద్రపోతున్న పిల్లాడు వెనక ఉన్నాడన్న సంగతి అలసిన తల మర్చిపోగలదు. నా చేతిసంచి ఎప్పుడూ వాడి కాళ్ల దగ్గరే పెడతాను, అది తీసుకోకుండా నేను దిగను. ఎండలో నిలబెట్టిన కారెక్కించేటప్పుడు బకిల్ ఇనుముని ముందు నా వేలితో తాకి చూస్తాను.

బస చేసే చోట గది చేరగానే బాల్కనీ తలుపు గడియ, కిటికీలు, వేడినీళ్ల కుళాయి చూస్తాం. పిల్లల దుప్పట్లు ఇంట్లో వాడినవే, ఉతక్కుండా తీసుకెళ్తాను. ఆ వాసనకే కొత్త చోట త్వరగా పడుకుంటారు.

ఆదివారం పొద్దున ఏదో ఒక్కటే చూస్తాం. రెండోది ఎంత దగ్గరున్నా వద్దంటాను, మధ్యాహ్నం లోపే బయల్దేరితే చీకటి పడేలోగా ఇల్లు చేరతాం. ఆ రాత్రి పెట్టెలు విప్పకపోయినా పర్వాలేదు. కానీ దారి సంచిలో మాత్రం కొత్త కవర్లు, ఉతికిన బట్టల జత పెట్టి, మళ్లీ కార్లోనే ఉంచేస్తాను.