సీసా తెరవగానే బీరు పొంగిపోతోందా? సీసాలు నింపే బకెట్ కుళాయిని ఎప్పుడైనా విప్పి చూశారా?

మూత ఇలా లేపగానే నురగ బుస్సుమని తన్నుకొస్తుంది. సగం బీరు బల్ల పాలవుతుంది. మిగిలిన సగంలో అడుగున పేరుకున్న ఈస్ట్ అంతా లేచి మడ్డిగా తయారవుతుంది. ఇంట్లో బీరు చేసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. చాలామంది కారణం కూడా వాళ్లే తేల్చుకుని వస్తారు: "చక్కెర ఎక్కువైనట్టుంది, ఈసారి తగ్గిస్తా." సీసాలో గ్యాస్ పుట్టాలని నింపేటప్పుడు కలిపే చక్కెర అది, ప్రైమింగ్ చక్కెర అంటారు. తగ్గిస్తారు. మళ్లీ పొంగుతుంది. ఇంకా తగ్గిస్తారు. మొదటి నెల బీరు చప్పగా ఉంటుంది, రెండో నెలకి మళ్లీ పొంగుతుంది. చక్కెర మీద చెయ్యి వేసేముందు ఒక్క కొలత తీసుకోండని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ముందు జాగ్రత్త మాట. ఒక సీసా గట్టిగా పొంగిందంటే మిగతావాటిలోనూ ఒత్తిడి అంతే ఉండొచ్చు. గాజు సీసా పగిలితే ముక్కలు గదంతా ఎగురుతాయి. కళ్లద్దాలు, మందపాటి చేతి తొడుగులు వేసుకుని సీసాలన్నిటినీ ఫ్రిజ్‌లోకి మార్చండి. చలికి గ్యాస్ బీరులో కరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, పులియడమూ నెమ్మదిస్తుంది. ఫ్రిజ్‌లో చోటు లేకపోతే మూతున్న గట్టి డబ్బాలో పెట్టి, మనుషులు తిరగని చోట ఉంచండి.

ఎప్పుడు పొంగింది, ఎన్ని పొంగాయి?

పొంగే సీసాలన్నీ ఒకటి కావు. పదిలో ఒకటో రెండో పొంగి మిగతావి బాగుంటే తప్పు సీసాల్లో ఉంది. అడుగున ఎండిన మడ్డి సరిగ్గా పోలేదు. లేదా చక్కెర నీళ్లు బాట్లింగ్ బకెట్‌లో (సీసాల్లో నింపేముందు బీరును దించే, కుళాయి ఉన్న బకెట్) సమంగా కలవక కొన్ని సీసాల్లోకి ఎక్కువ పోయాయి. దీనికి పెద్ద వైద్యం అక్కర్లేదు. తాగిన వెంటనే సీసా కడగండి. చక్కెర నీళ్లు బకెట్‌లో ముందు పోసి, బీరు దాని మీదకు సుడి తిరిగేలా దించి, నురగ రాకుండా గరిటెతో మెల్లగా కలపండి.

పదిహేను రోజుల్లోపే అన్నీ పొంగితే చక్కెర ఎక్కువై ఉండాలి, లేదా పులియడం పూర్తికాకముందే సీసాల్లో నింపేసి ఉండాలి. అదే మొదట మూడు నాలుగు వారాలు బ్రహ్మాండంగా ఉండి, తర్వాత వారం వారం గ్యాస్ పెరుగుతూ పోతే, అది వేరే కథ. దాని గురించే కింద ఎక్కువ చెబుతాను.

అందరూ వదిలేసే కొలత

పొంగిన సీసాలోని బీరును రెండు గ్లాసుల మధ్య ఇరవై సార్లు మార్చి మార్చి పోయండి. మూతపెట్టి కొన్ని గంటలు వదిలేయండి. గ్యాస్ పూర్తిగా పోవాలి, లేకపోతే బుడగలు హైడ్రోమీటర్‌కు (బీరులో తేలుతూ దాని సాంద్రతను, అంటే గ్రావిటీని, చూపే గాజు గొట్టం; చక్కెర పులిసేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది) అంటుకుని దాన్ని పైకి లేపుతాయి, గ్రావిటీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. తర్వాత, మీ హైడ్రోమీటర్ మీద రాసి ఉన్న ఉష్ణోగ్రత దగ్గర కొలిచి, నింపిన రోజు రాసుకున్న అంకెతో పోల్చండి. రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంపును బట్టి చక్కెర కొలిచే పరికరం) ఇక్కడ పనికిరాదు. ఆల్కహాల్ ఉన్న బీరులో అది నేరుగా చూపించే అంకె తప్పు.

నింపిన రోజు 1.012, ఇప్పుడూ 1.012 దగ్గరే ఉంటే నేరం ప్రైమింగ్ చక్కెరదే. అప్పుడు తగ్గించండి, కానీ లెక్కతో. మామూలు ఏల్ రకం బీరుకి 20 లీటర్లకు 110 నుంచి 130 గ్రాములు చాలు. చెంచాలతో కాకుండా తూకం వేసి తీసుకోండి. ఇంకో సంగతి, వంటకంలో 23 లీటర్లని ఉన్నా అడుగు మడ్డి వదిలేశాక మీ బకెట్‌లోకి దిగేది 20 లీటర్లే కావచ్చు. బకెట్‌లో ఉన్న బీరుకే లెక్క కట్టాలి.

అదే 1.012 కాస్తా 1.006కి పడిపోయిందనుకోండి. అప్పుడు చక్కెర ఎంత తగ్గించినా లాభం లేదు, ఎందుకంటే సీసాలో ఏదో బీరులో మిగిలిన చక్కెరలనే తింటోంది. గ్రావిటీ ఒక్క పాయింట్ (0.001) పడితే సుమారు అర వాల్యూమ్ (బీరు పరిమాణంలో సగం) గ్యాస్ తయారవుతుంది. ఆరు పాయింట్లంటే మూడు వాల్యూములు. ప్రైమింగ్ వల్ల వచ్చే రెండున్నర దీనికి అదనం. మామూలు బీరు సీసాను మూడు వాల్యూములు దాటనివ్వడమే మంచిది కాదు. ఇక్కడ ఐదున్నర అవుతోంది.

నింపిన రోజు గ్రావిటీ రాసుకోలేదా? అయితే ఈ బ్యాచ్ గురించి మీరు ఊహించడం తప్ప ఏమీ చేయలేరు. వచ్చే బ్యాచ్ నుంచి వరసగా మూడు రోజులు అదే అంకె వచ్చేదాకా నింపకండి. ఎయిర్‌లాక్‌లో (పులియబెట్టే పాత్ర మూత మీద గ్యాస్‌ను బయటికి వదిలే నీటి గొట్టం) బుడగలు ఆగిపోతే పులియడం అయిపోయినట్టు కాదు. మూత దగ్గర గ్యాస్ కారిపోతున్నా బుడగలు ఆగిపోతాయి.

మూడు రోజులు అంకె కదలలేదు, అయినా నెల తర్వాత పడిపోయింది

నన్ను ఏడిపించింది ఇదే. వరసగా మూడు బ్యాచ్‌లు పోగొట్టుకున్నాను. మొదటిది పేల్ ఏల్. 1.011 దగ్గర మూడు రోజులు స్థిరంగా ఉన్నాకే నింపాను. మూడో వారం తెరిస్తే అంత మంచి బీరు నేనెప్పుడూ చేయలేదనిపించింది. ఆరో వారానికి ప్రతి సీసా పొంగింది. రుచి పలచబడింది, వెనకాల లవంగం లాంటి ఘాటు. సీసాలదే తప్పనుకుని అన్నిటినీ రాత్రంతా నానబెట్టి కడిగాను. రెండో బ్యాచ్ కూడా అంతే అయింది. ఈస్ట్ మార్చాను, ట్యూబులు కొత్తవి కొన్నాను. మూడోదీ అంతే.

నాలుగోసారి ఒక పరీక్ష పెట్టాను. ఆరు సీసాలను ఫెర్మెంటర్ (పులియబెట్టే పాత్ర) నుంచి నేరుగా కొత్త సైఫన్ గొట్టంతో నింపి, చక్కెర విడిగా తూచి ఒక్కో సీసాలో వేశాను. మిగతావి ఎప్పటిలాగే బాట్లింగ్ బకెట్ కుళాయి నుంచి నింపాను. ఏడు వారాలకి ఆ ఆరూ చక్కగా ఉన్నాయి. కుళాయి సీసాలు పొంగాయి.

అప్పుడు గానీ ఆ ప్లాస్టిక్ కుళాయిని విప్పలేదు. దాన్ని విప్పొచ్చని కూడా నాకు తెలియదు. లోపల పిడితో పాటు తిరిగే ఒక గొట్టం ముక్క ఉంటుంది. దానికీ బయటి తొడుగుకీ మధ్య కాగితం మందం సందు. ఆ సందు చుట్టూ గోధుమరంగు జిగురు పొర పట్టి ఉంది. వాషర్ వెనక నల్లటి మచ్చలు. ప్రతిసారీ ఆ కుళాయి గుండా రెండు లీటర్ల శానిటైజర్ వదిలినవాడిని నేను. ఆ నీళ్లు మధ్య రంధ్రంలోంచి పోయాయి తప్ప సందులోకి చేరలేదు. చేరినా ఉపయోగం ఉండేది కాదు, శానిటైజర్ శుభ్రమైన దానిమీదే పనిచేస్తుంది, మురికి పొరను చీల్చదు. బీరు మాత్రం ప్రతిసారీ ఆ సందులోకి పాకుతుంది, ఎండుతుంది, అందులో అడవి ఈస్ట్ (మనం వేయకుండా చేరే ఈస్ట్) కాపురం పెడుతుంది.

ఆలస్యంగా పొంగడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. నింపేటప్పుడు సీసాకు చేరేది కొద్ది కణాలే. మన ఈస్ట్ తినలేక వదిలేసిన డెక్స్‌ట్రిన్లను (పెద్ద చక్కెర గొలుసులను) అవి నెమ్మదిగా తింటూ పెరుగుతాయి. నెలన్నర దాటేదాకా మనకు తెలియదు. ఈలోపు ఇంకో బ్యాచ్ అదే కుళాయిలోంచి దిగిపోయి ఉంటుంది.

ఇలా విప్పండి: బకెట్ లోపలి నట్టు తీసి కుళాయిని, వాషర్లను బయటికి లాగండి. చెయ్యి కాలనంత వేడి నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచితే ప్లాస్టిక్ మెత్తబడుతుంది. మరిగే నీళ్లు వద్దు, వంకర పోతుంది. తర్వాత వెనక నుంచి చెక్క గరిటె కాడతో నెడితే లోపలి ముక్క టక్కుమని బయటికి వస్తుంది. మొదటిసారి విరిగిపోతుందేమోనని టెన్షన్ పడతారు. నిటారుగా నెడితే సాధారణంగా ఏమీ కాదు. సోడియం పెర్కార్బొనేట్ (ఆక్సిజన్ బ్లీచ్ పొడి) కలిపిన గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో కడిగి, ముక్కలు ముక్కలుగానే ఆరబెట్టండి. బిగించి దాచకండి. మళ్లీ నింపే రోజు ప్రతి ముక్కనూ శానిటైజర్‌లో ముంచి, తడిగానే బిగించి, కాసిని నీళ్లు పోసి కారడం లేదని చూసుకోండి.

ఇది నింపడం అయిన రోజే చేయాలి. బీరు ఎండిపోయాక చేసే పని రెట్టింపు. ప్లాస్టిక్ మీద గీతలు కనిపిస్తే ఆ కుళాయిని పారేయండి, గీతల్లోకి బ్రష్ పోదు. విప్పడానికి కుదరని కుళాయిని అసలు కొనొద్దు. ఫెర్మెంటర్‌కి కుళాయి ఉంటే దానికీ ఇదే వైద్యం. అది వారాల తరబడి మడ్డిలో మునిగి ఉంటుంది కాబట్టి ఇంకా ముఖ్యం. స్టీల్ బాల్ వాల్వ్ అయితే మూడు ముక్కలుగా విడిపోయే రకం తీసుకోండి, బంతి వెనక కూడా బీరు నిలుస్తుంది. సీసాలు నింపే సన్న గొట్టం చివరి స్ప్రింగ్‌ని కూడా మర్చిపోకండి.

అరుదైనవి

సైసన్ అనే బెల్జియన్ రకం బీరుకి వాడే ఈస్ట్‌లు చాలావాటికి డెక్స్‌ట్రిన్లను విరగ్గొట్టే శక్తి ఉంటుంది. వాటిని డయాస్టాటికస్ రకం అంటారు. అలాంటిది ఎప్పుడైనా వాడి ఉంటే పరికరాల్లో మిగిలిపోయి ఇలాగే చేస్తుంది, వైద్యమూ ఇదే. పులియడం ఆగాక హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు) ఎక్కువగా వేస్తే వాటిలోని ఎంజైమ్‌ల వల్ల గ్రావిటీ మళ్లీ కొంచెం దిగుతుంది. హాప్స్ వేశాక మళ్లీ వరసగా మూడు రోజులు అదే అంకె వచ్చేదాకా కొలవండి. బూజు పట్టిన బార్లీతో చేసిన మాల్ట్ వల్ల పొంగడం అనేది నిజమే కానీ, గ్రావిటీ పడకుండా, చక్కెర సరిగ్గా ఉండి, రుచి బాగుండి పొంగితేనే దాని గురించి ఆలోచించండి. నాకైతే ఇంతవరకు ఎదురుకాలేదు.

కుళాయి మార్చాక కూడా నెలన్నరకు పొంగితే ఆ ఆరు సీసాల పరీక్ష మీరూ పెట్టండి. ఈసారి ఆరూ పొంగితే మురికి చేరింది సీసాలు నింపకముందే, ఫెర్మెంటర్ వైపే. ఫెర్మెంటర్ మూతకున్న రబ్బరు రింగుని లాగి దాని గాడిలోకి చూడండి.