చెన్నై ఎండకు తట్టుకునే నీష్ కొలోన్‌ను తక్కువ ఖర్చులో ఎంచుకోవడం ఎలా?

చెన్నైలో మగవాళ్లు సెంటు కొనే తీరు చూస్తే బాధ కలుగుతుంది. మాల్‌లోని ఏసీ చల్లదనంలో నిలబడి, కాగితపు పట్టీ మీద కొట్టి ఇచ్చినదాన్ని ఒక్కసారి పీల్చి, అక్కడికక్కడే డబ్బు కట్టేస్తారు. మర్నాడు అది పూసుకొని గిండీలో రైలు దిగేసరికి వాసన మారిపోయి ఉంటుంది. కొన్ని తలనొప్పి తెస్తాయి, కొన్ని జాడ లేకుండా పోతాయి. సీసా మాత్రం ముప్పాతిక నిండుగా బీరువాలో ఉండిపోతుంది. సలహా అడిగే తమ్ముళ్లకూ బావమరుదులకూ నేను చెప్పేది ఒకటే: కొలోన్‌ను ఒంటి మీద వేసుకొని, ఈ ఊరి ఎండలో ఒక రోజంతా గడిపాకే కొనాలి.

నీష్ అని పిలిచేది సెంట్ల తయారీనే వృత్తిగా పెట్టుకున్న చిన్న సంస్థల సరుకును. వీటి వెనక సినిమా తారల ప్రకటనలు ఉండవు, అందరికీ నచ్చి తీరాలన్న తాపత్రయమూ ఉండదు. 1968లో తొలి సెంటు తెచ్చిన పారిస్ సంస్థ డిప్టిక్, 1976లో మొదలైన లార్టిజాన్ పర్ఫ్యూమర్ ఈ దారి వేసినవాటిలో ముఖ్యమైనవి. వాటి ధర మామూలు జీతానికి భారం. మన దేశంలో బాంబే పెర్ఫ్యూమరీ, నాసో ప్రొఫూమి, లక్నోకు చెందిన ఇసాక్ వంటి సంస్థలు అంతకంటే బాగా తక్కువ ధరకు మంచి సరుకు ఇస్తున్నాయి. చేతిలో డబ్బు పరిమితమైతే వీటితోనే మొదలుపెట్టాలి.

ఇక కొలోన్. ఇటలీ నుంచి జర్మనీ వెళ్లి కొలోన్ నగరంలో స్థిరపడిన ఫరీనా కుటుంబం 1709లో తెరిచిన దుకాణం నుంచి ప్రసిద్ధికెక్కిన నిమ్మజాతి పరిమళం అది. అసలు కొలోన్‌లో సుగంధ తైలం 2 నుంచి 5 శాతం దాకానే ఉంటుంది, మిగతాది ఎక్కువగా ఆల్కహాల్. ఓ ద టాయిలెట్‌లో సుమారు 5 నుంచి 15 శాతం, ఓ ద పర్ఫ్యూమ్‌లో 15 నుంచి 20 శాతం ఉంటుంది. ఇప్పుడు మగవాళ్ల సెంటు ఏదైనా కొలోన్ అనేస్తున్నారు కాబట్టి సీసా మీద రాసినది చదివి తీరాలి. చెన్నైకి ఓ ద టాయిలెట్ సరిపోతుంది. శాతం ఎక్కువైతే మేలు అనుకునేవాళ్లు మే నెలలో ఒకసారి షేర్ ఆటోలో కూర్చొని చూడాలి.

ఖర్చు లెక్క

స్ప్రేను ఒకసారి నొక్కితే సుమారు 0.1 మిల్లీలీటరు బయటికి వస్తుంది. అంటే 30 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 300 నొక్కులు. రోజుకు 4 చొప్పున వాడినా రెండున్నర నెలలు వస్తుంది, రెండు మూడు రకాలు మార్చి మార్చి వాడితే ఏడాదిలో సగం గడిచిపోతుంది. 100 మిల్లీలీటర్ల సీసా 4,000 రూపాయలు, 30 మిల్లీలీటర్లది 1,800 అనుకుందాం. మిల్లీలీటరు లెక్కన పెద్దదే చవక. కానీ పెద్ద సీసాలో సగం మిగిలిపోతే ఆ చవక అక్కడే ఆవిరైపోతుంది. మొదటిసారి కొనే సెంటు 30, మహా అయితే 50 మిల్లీలీటర్లు. అంతకు మించి కొనకూడదు.

ఆ ఖర్చుకు ముందు శాంపిళ్లకు కొంత డబ్బు పక్కన పెట్టాలి. చాలా నీష్ సంస్థలు తమ రకాలన్నింటినీ చిన్న చిన్న సీసాల్లో ఒక పెట్టెగా అమ్ముతాయి. దాన్ని తెప్పించుకోండి. శాంపిల్ దొరకని సెంటు జోలికి వెళ్లకండి.

ఏ వాసనలు చూడాలి

ఈ ఊరికి వట్టివేళ్ళను మించినది లేదు. ఎండాకాలం తాగే నీళ్ల కుండలో వేసుకునే ఆ వేరు వాసనే కొలోన్‌లో మట్టిగా, చేదుగా, చల్లగా పలుకుతుంది. చెమటతో కలిసినా చెడదు. మీకు పడుతుందో లేదో తేల్చుకోవడానికి సీసా కొననక్కరలేదు. ట్రిప్లికేన్‌లోని అత్తరు దుకాణాల్లో వట్టివేళ్ళ నుంచి తీసే రూహ్ ఖస్‌ను చేతి మీద ఒక చుక్క రాయించుకొని బయటికి వచ్చేస్తే చాలు. దాని తరువాత నా వరుస: దబ్బ, నారింజ వంటి నిమ్మజాతి, అల్లం, ఏలకులు, గంధం. బాంబే పెర్ఫ్యూమరీ వారి ఛాయ్ మస్క్‌లో టీ, అల్లం, నిమ్మగడ్డి కలిసి వస్తాయి. అదే సంస్థ వారి మదురై టాకీస్ మల్లెపూల చుట్టూ అల్లినది. మల్లె ఆడవాళ్లకే అనుకోవడం తప్పు. మన తాతల కాలంలో మగవాళ్లు పెళ్లిళ్లకు మల్లె అత్తరు రాసుకొని వెళ్లేవారు.

వెనిలా, పంచదార పాకం వాసనలు, గట్టి అగరు, అంటే ఔద్, కర్తరి ఎండల్లో వద్దు. డిసెంబరు కచేరీల రోజులకు ఉంచుకోండి.

ఒంటి మీద పరీక్ష

అందరూ దాటవేసేది ఈ దశనే. దీన్ని సరిగ్గా చేస్తే మిగతావాటిలో జరిగే పొరపాట్లు పెద్దగా నష్టం చేయవు.

ముందు రోజు ఏ సెంటూ వాడకండి. పొద్దున వాసన లేని సబ్బుతో స్నానం చేయండి. గంధపు సబ్బు, టాల్కం పౌడరు, డియోడరెంట్, వాసన నూనె ఏదీ ఆ రోజు ఒంటికి తగలకూడదు. ఇవి ఉంటే మీరు పరీక్షిస్తున్నది కొలోన్‌ను కాదు, నాలుగు వాసనల కలగాపులగాన్ని. ఒళ్లు పూర్తిగా ఆరాక ముంజేతి లోపలివైపు ఒక నొక్కు, చొక్కా కింద ఛాతీ మీద ఒక నొక్కు. అంతే. రెండు మణికట్లను కలిపి రుద్దే అలవాటు మానుకోండి. ఆ వేడికి, ముందుగా పలకాల్సిన తేలిక వాసనలు మరీ వేగంగా ఎగిరిపోతాయి.

రోజుకు ఒక్క సెంటే. ఒకే చేతి మీద మూడు నాలుగు కొట్టించుకొని పోల్చేవాళ్లను దుకాణాల్లో చూస్తుంటాను. గంట తిరిగేసరికి ఏది ఏదో వాళ్లకే తెలియదు. మధ్యలో కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు తేరుకుంటుందని దుకాణాల్లో గట్టిగా చెబుతారు. కాఫీ కూడా మరో ఘాటైన వాసనే. ముక్కుకు విశ్రాంతి కావాలంటే మీ చొక్కా మోచేతి మడతను వాసన చూడండి, లేదా బయటికి వచ్చి కాసేపు నిలబడండి.

మొదటి 20 నిమిషాలు ఏ నిర్ణయమూ వద్దు. అప్పుడు వచ్చేది ఆల్కహాల్, దానితోపాటు నిమ్మజాతి తైలాలు. ఇవి తేలిక అణువులు, అందరికీ నచ్చేవి, త్వరగా పోయేవి. దుకాణంలో మిమ్మల్ని పడగొట్టేది ఇవే. తరువాత రెండు మూడు గంటలు పూలు, మసాలాలు పలుకుతాయి. ఆపైన మిగిలే గంధం, కస్తూరి, వేర్ల వాసనతోనే మీరు రోజులో ఎక్కువ భాగం గడపాలి. ఆ మిగిలేది నచ్చకపోతే మొదటి 20 నిమిషాలు ఎంత గొప్పగా ఉన్నా దాన్ని వదిలేయండి.

కాబట్టి పదకొండింటికి బయటికి వెళ్లండి. ఎలక్ట్రిక్ రైలు ఎక్కండి, పాండీ బజారులో నడవండి, చెమట పట్టనివ్వండి. వేడికి సెంటు త్వరగా ఆవిరవుతుంది. గాలిలో తేమ, ఒంటి మీద చెమట కలిస్తే తీపి వాసనలు మరింత చిక్కబడతాయి. ఏసీ గదిలో మృదువుగా ఉన్నది ఇక్కడ గొంతు పట్టేయవచ్చు. ఆ తరువాత ఏసీ ఉన్న చోట ఒక గంట కూర్చోండి, తేడా మీకే తెలుస్తుంది. 20 నిమిషాలకు, రెండు గంటలకు, ఐదు గంటలకు, రాత్రి పడుకునే ముందు ముంజేతిని వాసన చూసి ఫోన్‌లో ఒక్కో వాక్యం రాసుకోండి. తీపి, చేదు, సబ్బు, మందుల వాసన, ఏది తోస్తే అది రాయండి. గుర్తుంటుందిలే అనుకోవద్దు, వాసన జ్ఞాపకం వారంలో మసకబారుతుంది.

ఇంకో పెద్ద చిక్కు ఉంది. కాసేపటికి మీ సెంటు మీకే తెలియడం మానేస్తుంది. అది పోలేదు, ముక్కు దానికి అలవాటు పడింది. పైగా కొన్ని కస్తూరి తరహా అణువులు, ఐసో ఈ సూపర్ అనే కలప వాసన అణువు వంటివి కొందరి ముక్కుకు అసలు అందవు. ఇది తెలియక మళ్లీ నాలుగు నొక్కులు కొట్టుకొని లిఫ్టులో అందరినీ ఉక్కిరిబిక్కిరి చేస్తారు. మధ్యాహ్నం, సాయంత్రం ఇంట్లోవాళ్లనో పక్కసీటు మనిషినో అడగండి. ‘వస్తోందా, ఎంత దూరం వస్తోంది, ఎలా ఉంది’ అని మూడూ అడగాలి.

జాగ్రత్త కూడా అవసరం. కొలోన్లలో తరచుగా వాడే బెర్గమోట్ అనే నిమ్మజాతి పండు తైలంలో బెర్గాప్టెన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని తొలగించని తైలం రాసుకున్న చోట ఎండ పడితే చర్మం కమిలి నల్లమచ్చ పడవచ్చు. నాణ్యమైన సంస్థలు దాన్ని తొలగించో తగ్గించో వాడతాయి. అయినా పరీక్ష రోజు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. దురద మొదలైతే కడిగేసి ఆ రకాన్ని అంతటితో వదిలేయండి.

వారం తరువాత అదే సెంటుతో మరో రోజు ఇదంతా మళ్లీ చేయండి. జలుబు ఉన్న రోజు చేయవద్దు. రెండు రోజులూ రాత్రి వాసన నచ్చితేనే సీసా కొనాలి.

వీడియోల్లో పదికి ఎన్ని మార్కులు, ఎన్ని గంటలు నిలిచింది అని చెప్పేవాళ్ల మాట మీద కొనడం కంటే ఈ పద్ధతి ఎందుకు మేలంటే, వాళ్లు చలిదేశంలోనో ఏసీ గదిలోనో వేసుకొని చెబుతున్నారు. సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉన్న బెంగళూరులో మీ అన్నయ్యకు సాయంత్రం దాకా హాయిగా ఉన్నదే ఇక్కడ మధ్యాహ్నానికి వెగటు పుట్టించవచ్చు. ఊరు మారితే పరీక్ష మళ్లీ చేయాల్సిందే.

కొనడం, దాచడం, వాడడం

సంస్థ నుంచి నేరుగా కొనండి, లేదా బిల్లు ఇచ్చే దుకాణంలో కొనండి. దిగుమతి సరుకైతే పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు, గరిష్ఠ చిల్లర ధర ఉండాలి. ఇవి లేని సీసా సగం ధరకు వచ్చినా వద్దు.

స్నానాల గదిలో, బండి డిక్కీలో పెట్టకండి. వేడి, వెలుతురు సెంటును పాడుచేస్తాయి. దాని పెట్టెలోనే ఉంచి బీరువా కింది అరలో పెట్టండి. రోజూ 3 నొక్కులు, రైలు ప్రయాణం ఉంటే 2. తెల్ల చొక్కా మీద, పంచె మీద కొట్టకండి, మరక పడుతుంది.

సీసాలో మూడో వంతు మిగిలినప్పుడు మళ్లీ ఒక శాంపిల్ తెప్పించుకోండి. ఓక్ చెట్ల మీద నాచులా పెరిగే ఓక్‌మాస్ వంటి పదార్థాల మీద అంతర్జాతీయ పరిమళ సంఘం ఇఫ్రా పరిమితులు పెడుతుంటుంది, అందుకని సంస్థలు పేరు మార్చకుండానే లోపలి కూర్పు మారుస్తుంటాయి. పాత సీసాను కుడిచేతి మీద, కొత్త శాంపిల్‌ను ఎడమచేతి మీద వేసుకొని సాయంత్రం దాకా చూశాకే రెండో సీసాకు డబ్బు కట్టండి.