మొదటి బండే పవర్‌ఫుల్‌ది కొనాలంటే ఎలా ఎంచుకోవాలి?

"మొదటి బండిగా కేటీఎం డ్యూక్ 390 కొనొచ్చా?" అని అడిగితే వచ్చే జవాబులు రెండే. ఒకరు "ఏం కాదు, కొనేయ్" అంటారు. ఇంకొకరు "నీకెందుకురా, స్ప్లెండర్ తీసుకో" అంటారు. రెండూ పనికిమాలిన సలహాలే. పవర్ ఉన్న బండితో మొదలుపెట్టొచ్చు. కాకపోతే ఏ బండన్నది సీసీని బట్టి, యూట్యూబ్‌లో ఎవడో తీసిన టాప్ స్పీడ్ వీడియోని బట్టి తేలేది కాదు. యాక్సిలరేటర్ పావు వంతు తిప్పితే ఆ బండి ఎలా కదులుతుందో, ఆ కుదుపుకి మీ చెయ్యి ఏం చేస్తుందో చూసుకుని తేల్చుకోవాలి.

1. ముందు ఇవి ఉన్నాయా?

గేర్ల బండి లైసెన్సు ఉండాలి. ఎల్ఎల్ఆర్ చూపిస్తే టెస్ట్ రైడ్ ఇవ్వడానికి షోరూముల వాళ్లు వెనకాడతారు. ఐఎస్ఐ మార్కున్న ఫుల్ ఫేస్ హెల్మెట్, గ్లవ్స్, చీలమండ కప్పే బూట్లు కావాలి. వీటికి డబ్బు బండి బడ్జెట్‌లోంచే పక్కన పెట్టండి. బండి కొన్నాక మిగిలితే చూద్దాం అనుకుంటే ఏమీ మిగలదు.

గేర్ల బండి జన్మలో ముట్టుకోనివాళ్లు ముందు ఎవరిదైనా 100 సీసీ బండి అడిగి, ఒక నెల క్లచ్ అలవాటు చేసుకోండి. దాన్ని కొనక్కర్లేదు.

2. పవర్‌ని బరువుతో భాగించండి

మన దేశంలో 18 నిండి గేర్ల బండి లైసెన్సు ఉంటే 100 సీసీ అయినా 1000 సీసీ అయినా నడపొచ్చు. యూరప్‌లో మధ్యలో ఏ2 అని ఒక మెట్టు ఉంది. ఆ లైసెన్సుతో నడిపే బండి పవర్ 35 కిలోవాట్లు, అంటే 47 పీఎస్ (మన దగ్గర ఇంజిను పవర్‌ని కొలిచేది ఇందులోనే) చిల్లర, దాటకూడదు. బరువులో కిలోకి 0.2 కిలోవాట్ కూడా మించకూడదు. మన లెక్కలో అది టన్నుకు 272 పీఎస్. మన చట్టంలో ఈ గీత లేదు కాబట్టి ఎవరికి వాళ్లే గీసుకోవాలి.

క్లాసిక్ 350కి 20.2 పీఎస్, బరువు 195 కిలోలు. టన్నుకు 104 వస్తుంది. డామినార్ 400 (40 పీఎస్, 193 కిలోలు) 207. ఇంటర్‌సెప్టర్ 650కి 47 పీఎస్ ఉన్నా, పెట్రోలుతో కలిపి 217 కిలోల దాకా తూగుతుంది కాబట్టి 217 దగ్గరే ఆగుతుంది. మొదట వచ్చిన ట్రయంఫ్ స్పీడ్ 400 (40 పీఎస్, 176 కిలోలు) 227. 399 సీసీ డ్యూక్ 390 (46 పీఎస్, 168 కిలోలు) ఏకంగా 274, గీత మీదే కూర్చుంది. చూశారా, 650 కంటే 390 చురుకు. అందుకే సీసీ చూసి భయపడటం, సీసీ చూసి ధైర్యపడటం రెండూ తప్పే.

మొదటి బండికి టన్నుకు 230 దాటొద్దు. నాలుగు సిలిండర్ల బండి వైపు చూడనే వద్దు. ముందుకు వంగి పడుకుని నడిపే క్లిప్‌ఆన్ హ్యాండిల్ బండి కూడా వద్దు. ఒంటి బరువు మణికట్ల మీద పడితే యాక్సిలరేటర్ మీద అదుపు రాదు.

టాప్ స్పీడ్ అడగడం దండగ. నాలుగు లేన్ల హైవే మీద టూవీలర్‌కి కేంద్రం పెట్టిన పరిమితి గంటకు 80 కిలోమీటర్లు. హైదరాబాద్ ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లను ఎక్కనివ్వరు.

3. స్టాండ్ తీసి తోయండి

సీటు ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు. సైడ్ స్టాండ్ మీంచి నిటారుగా లేపండి, దిగి పక్కన నిలబడి పది అడుగులు వెనక్కి తోయండి. రొప్పు వస్తే ఆ బండి మీది కాదు. కూర్చున్నప్పుడు రెండు పాదాల ముందు భాగమైనా పూర్తిగా నేలకు ఆనాలి. 825 మిల్లీమీటర్ల సీటున్న హిమాలయన్ 450 మీద పొట్టివాళ్లు ఒంటి కాలి వేళ్ల మీద ఆగుతారు. ఆ కాలి కింద ఇసుక ఉంటే 196 కిలోలు పక్కకి ఒరుగుతాయి.

4. టెస్ట్ రైడ్ (అసలు పని ఇదే)

దాదాపు అందరూ చెడగొట్టేది ఇక్కడే. షోరూము బయటికి రాగానే ఖాళీ రోడ్డు చూసి, ఒక్కసారి గట్టిగా లాగి, "పికప్ అదిరింది" అని వచ్చేస్తారు. దాంతో బండి గురించి ఏమీ తెలియదు. కొత్తవాళ్లు పడేది 100 స్పీడులో కంటే 10 స్పీడులోనే ఎక్కువ. యూటర్న్‌లో, సెల్లార్ ర్యాంపు మీద, స్పీడ్ బ్రేకర్ దగ్గర. అందుకే టెస్ట్ రైడ్ మొత్తం నెమ్మదిగా చేయాలి.

ముందు చెయ్యి. యాక్సిలరేటర్ పూర్తిగా మూసి ఉన్నప్పుడు మీ అరచేతి వెనక భాగం, ముంజేయి ఒకే వరుసలో ఉండాలి. మణికట్టు పైకి లేచి ఉంటే పట్టు తప్పు. ఎందుకంటే పవర్ ఉన్న బండి హఠాత్తుగా ముందుకు దూకితే ఒళ్లు వెనక్కి పోతుంది. ఒళ్లుతో పాటు చెయ్యి వెనక్కి లాగుతుంది, మణికట్టు కిందికి దిగుతుంది, యాక్సిలరేటర్ ఇంకా తెరుచుకుంటుంది. బండి ఇంకా దూకుతుంది. భయంతో హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటారు, అది ఇంకా తిరుగుతుంది. గోడకి గుద్దిన కొత్త బండ్లలో చాలావాటి కథ ఇదే. 8 పీఎస్ బండి మీద ఈ పొరపాటు జరిగినా తేరుకునే టైమ్ ఉంటుంది. 40 పీఎస్ బండి ఆ టైమ్ ఇవ్వదు.

దీనికి మందు ఎడమ చేతిలో ఉంది. బండి దూకగానే క్లచ్ పూర్తిగా నొక్కేయండి. ఇంజిను ఎంత అరిచినా చక్రానికి పవర్ వెళ్లదు. యాక్సిలరేటర్ మూద్దాం, బ్రేక్ వేద్దాం అని ఆలోచించొద్దు, ముందు క్లచ్. బండి కదలకముందే, ఇంజిను ఆపి, ఈ కదలికను చెయ్యి నేర్చుకునేదాకా చేయండి. క్లచ్ మరీ బిగువుగా ఉండి నాలుగు వేళ్లతో నొక్కడానికే కష్టమైతే ఆ బండిని పక్కన పెట్టండి.

ఇప్పుడు స్టార్ట్ చేయండి. రైడింగ్ మోడ్‌లుంటే, పవర్‌ని మెల్లగా వదిలే రెయిన్ మోడ్ పెట్టమనండి. మొదటి గేరులో, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, క్లచ్ మెల్లగా వదలండి. చదును నేల మీద బండి దానంతటదే పాకాలి. ఎక్కడ పట్టుకుంటుందో వేళ్లకి తెలిసేదాకా ఐదారుసార్లు చేయండి. షోరూము కుర్రాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి, లక్షలు పోసేది మీరు.

తర్వాత రెండో గేరులో 15, 20 మధ్య నడుపుతూ యాక్సిలరేటర్ మూయండి, కొంచెం తెరవండి, మళ్లీ మూయండి. ప్రతిసారీ కుదుపు వస్తుంటే కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఆ బండి మిమ్మల్ని చంపుకు తింటుంది. సింగిల్ సిలిండర్ 390లు తక్కువ ఆర్పీఎంలో (ఇంజిను నిమిషానికి తిరిగే చుట్లు) గొణుగుతాయి, ఆర్పీఎం పెరిగేకొద్దీ ఒక్కసారిగా లేస్తాయి. డ్యూక్ టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, 39 ఎన్ఎం, అది పూర్తిగా అందేది 6500 ఆర్పీఎం దగ్గర. క్లాసిక్ 27 ఎన్ఎం 4000లోనే ఇచ్చేస్తుంది. కొత్త చేతికి తక్కువ ఆర్పీఎంలోనే, మెల్లగా అందే టార్క్ మంచిది.

చివరగా యూటర్న్, రెండు లేన్ల రోడ్డు వెడల్పులో. హాఫ్ క్లచ్ పట్టి, వెనక బ్రేకు కొంచెం నొక్కి ఉంచి, చూపు వెళ్లాల్సిన వైపు పెట్టి తిప్పండి. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు ముట్టుకోవద్దు. ముట్టుకుంటే బండి లోపలి వైపుకి కూలబడుతుంది, ఏ ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఆపలేదు. నాలుగు ప్రయత్నాల్లో మూడుసార్లు కాలు పెట్టాల్సి వస్తే ఇంకో బండి చూడండి.

ఇక్కడో మాట. "100తో మొదలుపెట్టి, 150, తర్వాత 200, ఆ తర్వాత 400" అనే మెట్ల సిద్ధాంతం ఒకటి తిరుగుతుంటుంది. ప్రతి మెట్టు దగ్గర కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య డబ్బు పోతుంది. పైగా రోజూ ఆఫీసుకి తిరిగే కమ్యూటర్ బండి మీద ఏళ్ల తరబడి వెనక బ్రేకు ఒక్కటే తొక్కడం అలవాటవుతుంది. బ్రేక్ వేసినప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి పెద్ద బండిని నిలబెట్టేది ముందు బ్రేకే. పదేళ్లు స్ప్లెండర్ నడిపినవాడు అది మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

5. బ్రేకులు

డ్యూయల్ ఛానల్, అంటే రెండు చక్రాలకీ, ఏబీఎస్ లేకపోతే వద్దు. చర్చ లేదు. స్పీడు 40 నుంచి 80కి పెరిగితే బ్రేక్ వేశాక ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. వెనక ఏబీఎస్ తీసేసే సూపర్‌మోటో మోడ్ ఉంటే దాన్ని మర్చిపోండి.

6. డబ్బు లెక్క

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం. ఇన్సూరెన్స్‌కీ గీత అక్కడే. కొత్త బండికి తప్పనిసరైన ఐదేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం, 2022లో ప్రకటించిన రేట్ల ప్రకారం, 150 నుంచి 350 సీసీకి 7,365 రూపాయలు, 350 దాటితే 15,117. పన్ను దీనికి అదనం. ఎక్స్‌షోరూమ్ ధర విని ఈఎంఐ లెక్క వేసుకోవద్దు, ఆన్‌రోడ్ కాగితం రాయించుకోండి.

7. డెలివరీ రోజు

క్లచ్, బ్రేక్ లివర్లు మీ వేళ్లకి అందేలా అక్కడే సరిచేయించండి. టైర్లలో గాలి మీ ముందే చూడమనండి, షోరూములో నిలబడ్డ బండ్లలో తరచూ తేడా ఉంటుంది. మొదటి 1000 కిలోమీటర్లు మాన్యువల్‌లో చెప్పిన ఆర్పీఎం దాటొద్దు, వెనక ఎవరినీ ఎక్కించొద్దు. కొత్త టైర్ల మీద మెరుపు పోవడానికి 150 కిలోమీటర్లయినా పడుతుంది, అప్పటిదాకా మలుపుల్లో బండి వంచొద్దు, వానలో బయటికి తీయొద్దు.