బేస్ గిటార్‌కి పాతదనం తెప్పించడం: డెల్టా గాలిలో జాగ్రత్తలు

ఎండాకాలం అమలాపురంలోనో రాజోలులోనో రెండు గంటలు వాయించిన ఎవరికైనా తెలుసు: నిగనిగలాడే నెక్‌కి (ఎడమచెయ్యి పట్టుకునే పొడవాటి భాగానికి) చెమట పట్టిందంటే బొటనవేలు జరగదు, అతుక్కుపోతుంది. అరిగిన నెక్‌కి ఆ బాధ లేదు. రెలిక్ ఫినిష్ (కొత్త గిటార్‌ని ఏళ్లు వాడినట్టు అరగదీయడం) మీద మోజుకి అందం ఎంత కారణమో ఈ సుఖమూ అంతే. అమెరికా గిటార్ కంపెనీ ఫెండర్ వాళ్ల కస్టమ్ షాప్ 1995లో కావాలని అరగదీసిన గిటార్లు తెచ్చింది. శబ్దం మారుతుందని ఆశపడొద్దు. అమ్మేటప్పుడు ధర కూడా తగ్గుతుంది, ఖరీదైన బేస్ జోలికి పోకండి.

తీగలు, పికప్‌లు (తీగల కదలికని పట్టే అయస్కాంతపు ముక్కలు), బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే లోహపు పలక) అన్నీ విప్పేయండి. తర్వాత వాడే స్టీల్ వూల్ (ఉక్కు పీచు) పొడి పికప్ అయస్కాంతాలకి పట్టిందంటే ఓ పట్టాన వదలదు. పూత ఏ రకమో తెలియడానికి పికప్ గుంటలో కనపడని మూల ఎన్.సి. థిన్నర్‌తో (లక్కర్‌ని పలచన చేసే ద్రవంతో) తడిపిన దూదిపుల్ల ఆనించండి. పూత మెత్తబడి దూదికంటితే లక్కర్, ఏమీ కాకపోతే పాలీ (పాలీయురెథేన్ లాంటి గట్టి ప్లాస్టిక్ పూత). చవక బేస్‌లు చాలావరకు పాలీవే. లక్కర్ మెల్లగా అరుగుతుంది, పాలీ గాజులా పెచ్చులూడుతుంది. పాత లక్కర్‌లా పగుళ్లు రావాలని పాలీని ఫ్రీజర్‌లో పెట్టడం దండగ.

మొదట నెక్ వెనక. 400 నంబరు ఎమిరీ పేపర్‌తో పొడవునా రుద్ది, 0000 నంబరు సన్న స్టీల్ వూల్‌తో ముగించి, లిన్సీడ్ ఆయిల్ పలచగా పట్టించి తుడిచేయండి. నట్ (నెక్ పైచివర తీగలు ఆనే గాట్ల ముక్క) దగ్గర ఆగిపోవాలి, హెడ్‌స్టాక్ (తీగలు బిగించే ట్యూనర్లుండే తల) మీది లోగో ఊడితే మళ్లీ రాదు. నూనె గుడ్డల్ని ఉండచుట్టి పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి, నీళ్లలో ముంచి ఆరుబయట పరిచి ఆరబెట్టండి. చాలామందికి ఇక్కడితో ఆపడమే మేలు.

బాడీ కూడా చేస్తామంటే, ముంజేయి ఆనే పై అంచు, వెనక బెల్టు బకిల్ తగిలే చోటు, పికప్ పైన బొటనవేలు నిలిపే చోటు పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి. చెయ్యే తగలని మూల చెక్క బయటపడితే వాయించేవాడు ఇట్టే పట్టేస్తాడు. 320 నంబరు పేపర్‌తో చెక్క కనపడేదాకా రుద్ది, అంచులు 600తో సాపు చేయండి. పాలీ మందం, అంచు మెట్టులా మిగులుతుంది, దానికి ఓపిక పట్టాలి. నీళ్లు వాడొద్దు, బయటపడ్డ చెక్కకి నార లేస్తుంది. కొత్తచెక్క తెల్లదనం పోవడానికి గోధుమరంగు వుడ్ స్టెయిన్ రాసి వెంటనే తుడిచేయండి. లక్కర్ మళ్లీ కొట్టాలంటే వానాకాలం వద్దు: థిన్నర్ ఆవిరవుతూ పూతని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దానిమీద చేరి తెల్లగా పాలిపోతుంది.

ఇనప సామాను నిగ్గు తగ్గించడానికి మూతున్న ప్లాస్టిక్ డబ్బా కావాలి. అడుగున చిన్న గిన్నెలో బాత్రూము యాసిడ్, దానికి తగలకుండా, ఆవిరి మాత్రం సోకేలా పైన నికెల్ బ్రిడ్జ్, మరలు. పని ఆరుబయటే, గ్లౌజులతో. బ్లీచింగ్ దగ్గరికి రానివ్వొద్దు. ఐదేసి నిమిషాలకి చూసి, నిగ్గు తగ్గగానే తీసి వంటసోడా నీళ్లలో కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి మెషిన్ ఆయిల్ రాయండి. ఈ చివరి పని ఎగ్గొడితే ఉప్పుగాలికి తుప్పు ఆగదు, శాడిల్ (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే ముక్క) మరలు బిగుసుకుపోయి తీగల ఎత్తు సరిచేయడమే కుదరదు. ట్యూనర్లు, వాల్యూమ్ పాట్‌లు (శబ్దం పెంచి తగ్గించే తిప్పుడు భాగాలు) ఆ డబ్బాలో పెట్టనే వద్దు.