నైట్‌షిఫ్టు మానిన తర్వాత జీవగడియారాన్ని పగటికి తెచ్చుకోవడం ఎలా

హైదరాబాదులో అమెరికా వేళలకు పనిచేసే ఒక ఉద్యోగి రోజూ తెల్లవారుజామున 4 గంటలకు పడుకుని మధ్యాహ్నం 12 గంటలకు లేస్తున్నారనుకుందాం. ఇప్పుడు పగటి డ్యూటీ వచ్చింది కాబట్టి రాత్రి 11కు పడుకుని ఉదయం 7కు లేవాలి. రేపటి నుంచే తెల్లవారుజామున లేచి ఎండలో నిలబడమని ఇంట్లో పెద్దలు చెబుతారు. వేళకు పడుకుని వేళకు లేచేవారికి అది మంచి సలహాయే గాని, ఈ ఉద్యోగికి మొదటి రోజుల్లో ఎదురుతిరుగుతుంది.

రెండు కళ్ల నరాలు ఒకదానినొకటి దాటే చోటికి కాస్త పైన, మెదడులో, సుమారు 20,000 నాడీకణాలున్న, నిద్ర మెలకువల వేళలను నడిపే ప్రధాన జీవగడియారం ఉంటుంది. మనిషిలో దాని ఒక చుట్టు సగటున 24 గంటల కంటే పది పన్నెండు నిమిషాలు ఎక్కువ. కాబట్టి నిద్రవేళ వెనక్కి జారి ఆలస్యం కావడం తేలిక, ముందు వేళకు రావడం కష్టం. నైట్‌షిఫ్టుకు అలవాటుపడినంత సులువుగా పగటికి మళ్లలేకపోవడాన్ని సోమరితనమనడం అన్యాయం.

ఈ గడియారాన్ని రోజూ సరిచేసేది ముఖ్యంగా కంట్లో పడే వెలుతురు. అయితే ఏ వేళకు పడిందన్నదాన్ని బట్టి ఫలితం తారుమారవుతుంది. అలవాటుగా లేచే సమయానికి రెండు మూడు గంటల ముందు శరీర ఉష్ణోగ్రత బాగా దిగువకు చేరుతుంది. ఆ ఘట్టానికి ముందు కొన్ని గంటలలో పడే వెలుతురు గడియారాన్ని ఇంకా ఆలస్యం చేస్తుంది, తర్వాతి గంటలలో పడేది ముందు వేళకు తెస్తుంది. మన ఉద్యోగికి ఆ మలుపు ఉదయం 9, 10 గంటల మధ్య వస్తుంది. ఆయన పట్టుదలగా లేచి ఉదయం 6 గంటల ఎండలో నిలబడితే, మెదడు దానిని సాయంత్రపు వెలుగుగానే లెక్కవేసి నిద్రను మరింత వెనక్కి నెడుతుంది. అందువల్ల గోడ గడియారాన్ని కాక, తాను రోజూ లేస్తున్న వేళను ఆధారంగా తీసుకుని లెక్క మొదలుపెట్టాలి.

మొదటి రోజు 11.30కు లేవాలి. అంతవరకు పడకగదిలో వెలుగు చొరబడకుండా మందపాటి తెరలు వేసి ఉంచాలి. లేచిన వెంటనే వరండాలోనో డాబా మీదనో అరగంట నుంచి ముప్పావుగంట గడపాలి. ఎండ మాడుస్తుంటే చెట్టునీడ చాలు. సూర్యుని వైపు నేరుగా చూడవలసిన పని లేదు, చూడకూడదు కూడా. ట్యూబ్‌లైటు గదిలో సాధారణంగా 100 నుంచి 300 లక్సుల (లక్సు వెలుతురుకు కొలత) వెలుతురు ఉంటే, మబ్బు పట్టిన పగలు కూడా ఆరుబయట వేల లక్సులు ఉంటాయి. మంచి ఎండలో అది 1,00,000 దాకా చేరుతుంది. గదిలో లైట్లన్నీ వేసుకుని కూర్చోవడం ఆరుబయటకు సాటి రాదన్నమాట. ఆ తర్వాత రోజుకు అరగంట చొప్పున లేచే వేళను, పడుకునే వేళను కలిపి ముందుకు జరుపుతూ పోతే, పది రోజులకు 7 గంటలకు చేరవచ్చు. తొందరపడి గంటల కొద్దీ జరిపితే లోపలి గడియారం వెనకబడి, వెలుతురు మళ్లీ ఆ మలుపుకు ముందే పడే ప్రమాదం ఉంది.

రాత్రి పద్ధతి దీనికి తలకిందులు. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు నుంచి పెద్ద లైట్లు ఆపి, తక్కువ వెలుగున్న పసుపు బల్బుతో సరిపెట్టుకోవాలి. గడియారానికి కబురందించే కంటి కణాలు నీలి కాంతికి ఎక్కువగా స్పందిస్తాయి కాబట్టి ఫోను, టీవీ వెలుగు తగ్గించాలి. పక్కన పెట్టేస్తే మరీ మంచిది.

భోజనం సంగతి వేరు. కాలేయం, క్లోమం, కొవ్వు కణజాలం వంటి వాటికి సొంత గడియారాలున్నాయి. అవి తిండివేళను పట్టుకుని నడుస్తాయి. ఇంగ్లండులోని సర్రే విశ్వవిద్యాలయం 2017లో ప్రచురించిన ప్రయోగంలో భోజనాలన్నీ అయిదు గంటలు ఆలస్యం చేయగా, రక్తంలో చక్కెర రోజువారీ హెచ్చుతగ్గుల లయ దాదాపు అంతే ఆలస్యమైంది గాని, ప్రధాన గడియారానికి గుర్తుగా తీసుకునే మెలటోనిన్ అనే హార్మోను లయ కదలలేదు. అంటే వెలుతురును సరిచేసి అర్ధరాత్రి బిర్యానీ మానకపోతే, మెదడుది ఒక వేళ, పొట్టది మరో వేళ అవుతుంది. నిద్రకు ముందు పెరిగే మెలటోనిన్ ఇన్సులిన్ విడుదలను కొంత అణచివేస్తుంది కాబట్టి, అదే అన్నం ఆ వేళకు తింటే రక్తంలో చక్కెర ఎక్కువగా పెరుగుతుంది.

లేచిన గంటలోపు కడుపునిండా తినాలి, పడుకోవడానికి మూడు గంటల ముందు చివరి భోజనం ముగించాలి, ఈ రెండింటినీ నిద్రతో పాటే రోజుకు అరగంట జరపాలి. చివరకు ఉదయం 8లోపు టిఫిను, 1 గంటకు భోజనం, రాత్రి 8లోపు తేలికపాటి ఆహారం అన్న క్రమానికి చేరుకుంటారు. మొదట్లో పాత అలవాటు కొద్దీ అర్ధరాత్రి దాటాక ఆకలి వేస్తే పలుచని మజ్జిగ చాలు. కాఫీ, టీలు పడుకునే వేళకు ఎనిమిది గంటల ముందే ఆపడం మంచిది. కెఫీన్ నిద్రను చెడగొట్టడంతో ఆగక, గడియారాన్ని కూడా ఆలస్యం చేస్తుంది.

మధుమేహానికి ఇన్సులిన్‌గాని మాత్రలుగాని వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా భోజన వేళలు మార్చకూడదు. కంటి జబ్బులున్నవారు, బైపోలార్ రుగ్మతకు చికిత్స పొందుతున్నవారు వెలుతురు పద్ధతి మొదలుపెట్టే ముందు సంప్రదించాలి. ఆదివారం కదా అని మళ్లీ పన్నెండింటి దాకా పడుకుంటే వారమంతా పడ్డ శ్రమలో కొంత వృథా అవుతుంది. సెలవునాడు కూడా లేచే వేళ గంటకు మించి తేడా రాకుండా చూసుకోవాలి. షిఫ్టు వారం వారం మారేవారికి మాత్రం ఈ పది రోజుల పద్ధతి పనికిరాదు, ఎందుకంటే గడియారం కుదురుకునే లోపే డ్యూటీ మళ్లీ మారిపోతుంది.