బ్రంటన్ కొనే డబ్బుల్లేనప్పుడు ఏ కంపాస్ కొనాలి?

మా ఊరి స్టేషనరీ షాపులో మొదటిసారి "అన్నా, కంపాస్ కావాలి" అని అడిగితే ఆయన జామెట్రీ బాక్సు తీసి ముందు పెట్టాడు. అప్పుడు నేను ఎమ్మెస్సీ జియాలజీ మొదటి సంవత్సరం. డిపార్ట్‌మెంట్‌లో ఉన్న రెండు బ్రంటన్లు (రాతిపొరల దిక్కు, వాలు కొలవడానికి జియాలజీ వాళ్లు వాడే దిక్సూచి) ముప్పై మందికి ఏ మూలకూ చాలక, సొంతంగా ఒకటి కొనుక్కుందామని బయల్దేరా. ఇప్పుడు నాపరాయి గనులకు, ముగ్గురాయి గనులకు మ్యాపులు గీసిపెట్టడమే నా బతుకుతెరువు. ఏటా ఫీల్డ్ ట్రిప్పుల కాలం రాగానే ఎవరో ఒక జూనియర్ ఫోన్ చేస్తాడు: "అక్కా, తక్కువలో కంపాస్ ఏది బాగుంటుంది?" చెప్పిందే చెప్పి విసుగొచ్చి ఇది రాస్తున్నా.

సివిల్ వాళ్లయితే పని తేలిక. గీత తర్వాత గీతగా నేలను కొలుచుకుంటూ పోయే ట్రావర్స్ సర్వేకి, పట్టకంలోంచి చూసి చదివే ప్రిస్మాటిక్ కంపాస్ చాలు, అరడిగ్రీ దాకా బేరింగ్ (ఉత్తరం నుంచి కోణం) చదవొచ్చు. దానితో రాతిపొర వాలు కొలవలేం కాబట్టి జియాలజీ వాళ్లు దాని జోలికి పోనక్కర్లేదు. మనకు స్ట్రైక్ (పొర మీద అడ్డంగా గీసిన సమతల గీత దిక్కు), డిప్ (పొర వాలు) రెండూ కావాలి. అంటే ముల్లుతో పాటు వాలు కొలిచే క్లినోమీటర్ ఉండాలి. ఈ రెంటినీ, లెవెల్ బుడగనూ, అద్దాన్నీ ఒకే చిన్న పెట్టెలో కూర్చి డేవిడ్ బ్రంటన్ అనే మైనింగ్ ఇంజనీరు 1894లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. అసలు బ్రంటన్ తెప్పించుకోవాలంటే ధర ఐదంకెల్లోకి పోతుంది. ఉద్యోగం వచ్చాక చూసుకోండి.

తక్కువలో మూడు దారులున్నాయి. అద్దం, క్లినోమీటర్ ఉన్న బేస్‌ప్లేట్ కంపాస్, అంటే ప్లాస్టిక్ పలక మీద బిగించినది ఒకటి. సుంటో, సిల్వా లాంటి కంపెనీలవి. చైనాలోని హార్బిన్ నుంచి వచ్చే బ్రంటన్ తరహా పెట్టె రెండోది. మూడోది మన దేశంలోనే చేసే గుండ్రటి ఇత్తడి క్లినోమీటర్ కంపాస్, లోపల లోలకం వేలాడుతుంటుంది. కాలేజీ ల్యాబుల్లో చూసే ఉంటారు. దాని ముల్లు ఒకంతట నిలవదు, ఊగుతూనే ఉంటుంది. పక్కనున్న పిన్నును మెల్లగా నొక్కి వదులుతూ ఊపు తగ్గించుకోవాలి. రెండ్రోజుల్లో చెయ్యి అలవాటైపోతుంది. తోలుపెట్టెలో పెట్టి 'బ్రంటన్ టైపు' అని అమ్మే తళతళలాడే ఇత్తడి బొమ్మలుంటాయి చూడండి, అవి షోకేసులోకి. వాటిమీద మాత్రం డబ్బు తగలెయ్యకండి.

ఈ మూడింటిలో ఏది తీసుకున్నా అసలు చూడాల్సింది క్లినోమీటర్. ముల్లు ఒక డిగ్రీ అటూఇటూ ఉన్నా మ్యాపు మీద పెద్దగా తెలీదు. బేతంచెర్ల నాపరాయి గనుల్లో పొరలు దాదాపు పరుపులా పడుకుని ఉంటాయి, వాలు మూడు నాలుగు డిగ్రీలు ఉంటే గొప్ప. క్లినోమీటర్‌లో రెండు డిగ్రీల తేడా ఉంటే నాలుగు కాస్తా ఆరవుతుంది. వంద మీటర్ల అవతల 7 మీటర్ల లోతులో ఉండాల్సిన పొర, మీ లెక్కలో పదిన్నర మీటర్లకు దిగిపోతుంది. ఆ మూడున్నర మీటర్ల మట్టి తోడించే డబ్బు గని ఆసామిది, ఆయన తిట్లు మనవి. అందుకే గీతలు ఐదు డిగ్రీలకొకటి ఉన్న క్లినోమీటర్ మన వైపు పనికిరాదు. తూర్పు కనుమల్లోని ఖొండలైట్ అనే రాళ్లలో నిటారు పొరలు కొలిచేవాళ్లకు అంత పట్టింపు అక్కర్లేదేమో.

దీన్ని పరీక్షించడం చాలా సులువు. కంపాస్‌ను బల్లమీద నిలబెట్టి వాలు చదవండి. అదే చోట అటుది ఇటు తిప్పి పెట్టి మళ్లీ చదవండి. ఒకసారి ఎడమకు 2 వస్తే రెండోసారి కుడికి 2 రావాలి. అప్పుడది బల్ల వంకర. రెండుసార్లూ ఒకేవైపు వస్తే వంకర కంపాస్‌దే.

ముల్లుకు తాళంచెవి దగ్గరగా తెచ్చి పక్కకు లాగి, తీసెయ్యండి. ఐదుసార్లు చేస్తే ఐదుసార్లూ అదే గీత దగ్గర ఆగాలి. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే ఇరుసు అరిగిందన్నమాట. ఇంకో సంగతి అమ్మేవాళ్లు చెప్పరు. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొసకు దగ్గర్లో పోతుంది, అందుకే ఇక్కడ ముల్లును భూమి కిందికి లాగేది తక్కువ. యూరప్‌లో, అమెరికాలో ఉత్తరపు కొనను బలంగా లాగుతుంది కాబట్టి అక్కడి ముళ్లకు దక్షిణపు కొన బరువు పెంచుతారు. ఆ ముల్లే కడపకొస్తే దక్షిణపు కొన వాలి అడుగున రాసుకుంటుంది. బ్రంటన్ తరహా వాటిలో డయల్ మీది గాజు విప్పి, ముల్లుకు చుట్టిన సన్నటి తీగను మధ్యకు జరిపితే సరిపోతుంది. ద్రవంలో మునిగి ఉండే ముల్లుకు ఆ వీలు లేదు, కాబట్టి 'గ్లోబల్ నీడిల్' (ఏ దేశంలోనైనా రాసుకోకుండా తిరిగే ముల్లు) అని ఉన్నదే చూసుకోండి. దానికి నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇవ్వొచ్చు. డెక్లినేషన్ (ముల్లు చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా) సర్దుకునే స్క్రూ ఉందని ఎక్కువ అడిగితే మాత్రం ఇవ్వకండి. మన దగ్గర ఆ తేడా ఒక డిగ్రీ చుట్టుపక్కలే, నోట్‌బుక్కులో రాసుకుంటే చాలు.

చేతిలో ఆ మాత్రం డబ్బూ లేదంటే మామూలు బేస్‌ప్లేట్ కంపాస్‌కు తోడు, ప్రొట్రాక్టర్ మధ్య రంధ్రంలో దారం కట్టి కొసకు చిన్న బరువు వేలాడదీయండి. గాలి లేనప్పుడు ఒక డిగ్రీ తేడాతో చదవొచ్చు. స్టేషనరీ అన్న ఇచ్చిన జామెట్రీ బాక్సు నాకు అలా పనికొచ్చింది.

కొన్నాక ఇనుముతో జాగ్రత్త. వేంపల్లె డోలమైట్ రాళ్ల మీద నా మొదటి రోజు మొత్తం వృథా అయింది. రాయి ఎగుడుదిగుడుగా ఉందని పరీక్ష అట్ట పరిచి, దానిమీద కంపాస్ పెట్టి నలభై రీడింగులు తీశా. సాయంత్రం మ్యాపు మీద వేస్తే స్ట్రైకులు తలోదిక్కు పోయాయి. అట్టకున్న స్టీలు క్లిప్పు! స్పైరల్ నోట్‌బుక్కు, సుత్తి, బెల్టు బకిల్, అయస్కాంతపు మూత ఉన్న ఫోన్ కవరు కూడా అలాంటివే. ఫోన్‌లో యాప్ ఉంది కదా అంటారు. వాలు చూడ్డానికి బాగానే పనికొస్తుంది, దిక్కును మాత్రం కంపాస్‌తో సరిచూసుకోకుండా నమ్మను.

పోయినేడు ఒక జూనియర్ బ్రంటన్ తరహాది తెప్పించుకుని, "అక్కా, మోసం! డయల్ మీద తూర్పు, పడమర తారుమారుగా కొట్టారు, వాపసు పంపేశా" అన్నాడు. జియాలజీ కంపాస్‌లో అవి అలాగే ఉండాలి. మనం తూర్పుకు తిరిగితే పెట్టె మనతో తిరుగుతుంది, ముల్లు మాత్రం ఉత్తరానికే, అంటే మన ఎడమకే ఉంటుంది. ఆ ఎడమ వైపున తూర్పు అని రాసి ఉంటేనే ముల్లు చూపించేచోట నేరుగా చదువుకోగలం. చెబుతుంటే అవతల కాసేపు చప్పుడు లేదు. కొరియర్ అబ్బాయి అప్పటికే తీసుకెళ్లిపోయాడట.