సోర్స్ ఫైలు లేకుండా ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ నడపడం

తిరుపతిలో మా డీటీపీ సెంటర్‌కి అన్నమయ్య కీర్తనల జాబితాలు మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా వస్తాయి. వరుసకో పల్లవి, కామా, రాగం పేరు. వాటిని వెబ్ పేజీ చేయడానికి నేను ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ వాడతాను, అంటే ఎక్స్‌ఎంఎల్ డేటాని వేరే రూపాల్లోకి మార్చే భాష. దాని నియమాలు రాసిన ఫైలే స్టైల్‌షీట్, అందులో ఒక్కో నియమం టెంప్లేట్. దానికి ఎక్స్‌ఎంఎల్ సోర్స్ ఫైలు ఇవ్వాలి కాబట్టి నామమాత్రంగా ఖాళీ ఎక్స్‌ఎంఎల్ ఫైలొకటి పక్కన పెట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2007లో 2.0 వెర్షన్ వచ్చాక ఆ అవసరమే లేదు.

టెంప్లేట్‌కి మ్యాచ్ బదులు నేమ్ ఇవ్వండి, 'మెయిన్' అని. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని నడిపే ప్రాసెసర్ శాక్సన్. దాని కమాండ్‌లో సోర్స్ ఫైలు చెప్పే హైఫన్ ఎస్ తీసేసి హైఫన్ ఐటీ, కోలన్, మెయిన్ అని రాయండి. అంతే. 2017 నాటి 3.0లో టెంప్లేట్‌కి 'ఎక్స్‌ఎస్‌ఎల్ కోలన్ ఇనీషియల్ హైఫన్ టెంప్లేట్' అని పేరు పెడితే ఒట్టి హైఫన్ ఐటీ చాలు.

డేటాని 'అన్‌పార్స్‌డ్ టెక్స్ట్ లైన్స్' ఫంక్షన్‌తో చదవండి. ఇది 3.0లో ఉంది, ఒక్కో వరుసను విడిగా ఇస్తుంది. కామా దగ్గర విడగొట్టడానికి 'టోకనైజ్'. ఫైలు చదివే ఆ మొదటి ఫంక్షన్‌కి రెండో ఆర్గ్యుమెంట్‌గా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్ 8 అని తప్పకుండా ఇవ్వండి. తెలుగు అక్షరాల విషయంలో ఊహకి వదలకూడదు.

కొత్తవాళ్లకి టెన్షన్ పెట్టేవి రెండు. ఫైలు దారిని ప్రాసెసర్ స్టైల్‌షీట్ ఉన్న ఫోల్డర్ నుంచి వెతుకుతుంది, మీరు కమాండ్ కొట్టిన చోటు నుంచి కాదు. ఇక సోర్స్ లేదు కాబట్టి మెయిన్ లోపల స్లాష్‌తో మొదలయ్యే దారి రాస్తే కాంటెక్స్ట్ ఐటెమ్ (ప్రస్తుతం పని జరుగుతున్న డేటా) లేదని ఎర్రర్ వస్తుంది.

ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ‌ప్రాక్ అనే మరో ప్రాసెసర్‌కి తెలిసింది 1.0 మాత్రమే, కాబట్టి పైన చెప్పిన పద్ధతి అందులో పనిచేయదు, సోర్స్ ఇవ్వాల్సిందే. దానికి సోర్స్‌గా ఆ స్టైల్‌షీట్‌నే ఇచ్చేయండి, అదీ ఎక్స్‌ఎంఎలే కదా.